కుడికాలి చెప్పును సామాను కింద రాసిన్రు

మా దుకాణం నుంచి ఏ పార్సిల్ పోయినా దాని మీద ఏం రాయాల్నో నేనే చెప్పాలె. మా ఇంటాయన చేతిరాత ముత్యాల లెక్క ఉంటది గాని, ఏం రాయాల్నో ఆయనకు తెల్వది. దిల్‌సుఖ్‌నగర్ మెయిన్ రోడ్డు నుంచి లోపలికి తిరిగితే ఒక సన్నటి గల్లీ, ఆ గల్లీల పోరగాండ్ల హాస్టల్ కింద కిరాయికి తీసుకున్న ఒక మడిగ, అదే మా దుకాణం. ముందట అమ్ముడు, ఎనుక కుట్టుడు. బూట్లు, చెప్పులు అన్నీ ఉంటయ్ గాని, మా అసలు పని షుగరున్నోళ్ళకు మెత్తటి చెప్పులు చేసుడు.

షుగరు ముదిరితే కాళ్ళకు తెలివి ఉండది. ముల్లు దిగినా, రాయి కోసినా మనిషికి ఎరుక గాదు. రక్తం మరకలు చూసినంకనే తెలుస్తది. అందుకే ఒక్కొక్కరి కాలు అట్ట మీద పెట్టించి, చుట్టూ పెన్సిల్‌తోని గీసి, ఎక్కడ బరువు పడ్తదో అక్కడ రబ్బరు చెక్కి, ఆ కాలుకే సరిపోయేటట్టు చేస్తం. కోత పని నాది, కుట్టు పని ఆయనది. నా నోరు జర పెద్దది గాబట్టి పార్సిల్ ఆఫీసు పని గూడ నా మీదనే పడ్డది.

చెప్పుల పార్సిల్ అంటే బయటోళ్ళకు అంతా ఒకటే అనిపిస్తది. ఒకటి గాదు. తయారైన చెప్పులు బరువుండవు, జాగ ఎక్కువ తింటయ్. వాటి డబ్బను టేపు పెట్టి కొలిచి కిరాయి కడ్తరు, అదే దినం బస్సుల ఎక్కిస్తరు. అడుగులు, రబ్బరు షీట్లు, మడిమలు, బకిల్సు — ఇయ్యన్ని చెప్పుల సామాను. వీటిని కాంటా మీద తూస్తరు, లారీకి వేస్తరు, ఆ లారీ నిండినప్పుడే కదుల్తది. ఇగ అతికించే సొల్యూషన్ డబ్బలనైతే బస్సోళ్ళు దగ్గరికి గూడ రానియ్యరు. వాసనొస్తేనే "తియ్యి తియ్యి" అని దొబ్బుతరు.

మరి పైభాగం కుట్టి అడుగు అతికియ్యనిది ఏ లెక్కల పడ్తది? అడుగు మీద పట్టీ ఉంది గాని బకిల్ లేదు, అది చెప్పా, సామానా? ఇసొంటి వాటి మీద ఎల్బీ నగర్ పార్సిల్ ఆఫీసుల నేను చేసిన లొల్లి అంతా ఇంతా గాదు. నా లెక్క ఒక్కటే. కాలుకు తొడిగి నాలుగడుగులు నడవొస్తదా? వస్తే చెప్పు, రాకుంటే సామాను. అక్కడ కూసునే పాతాయనకు గూడ ఈ మాటే నచ్చింది. నన్ను చూడంగనే "అమ్మా, నడిచేదా, నడవందా?" అని అడిగి రాసుకునేటోడు.

మా ఇంటాయనకు ఇంకో రోగముంది. పెండ్లికి ముందు ఆయన ఒక పెద్ద చెప్పుల గోదాంల చేసిండు. అక్కడ జతలు జతలుగ పంపకపోదురంట. ఎడమకాళ్ళన్ని ఒక డబ్బల, కుడికాళ్ళన్ని ఇంకో డబ్బల పెట్టి, ఒక దినం ఎడమవి, ఇంకో దినం కుడివి పంపుదురంట. దారిల ఎవడన్న డబ్బ పగలగొట్టినా ఒంటి చెప్పుతోని ఏం చేస్కుంటడు, ఆడనే పారేసి పోతడు. ఆ రివాజును ఈయన మా దుకాణానికి గూడ పట్టుకొచ్చిండు.

"గింత లావు అడుగులున్న షుగరు చెప్పులు ఎత్కపోయి ఎవడు దావత్‌కు తొడుక్కుంటడయ్యా?" అని నేను నవ్వుదును.

"నీకు తెల్వదు, దొంగోనికి చెప్పంటే చెప్పే," అనేటోడు. ఎన్నేండ్లు చెప్పినా ఇనలే. చెయ్యికి అలవాటైపోయింది. ఎడమది ముందు, కుడిది ఎనుక. ఇన్నొద్దులు ఏ ఇబ్బందీ రాలే గాబట్టి నేను గూడ పోనీ తియ్యి అనుకున్న.

ఇదంతా ఎందుకు చెప్తున్ననంటే, మా మామ కోసం.

మామంటే మా అమ్మ తమ్ముడు. మా నాయన పోయినంక నన్ను సాది, సదివిచ్చి, పెండ్లి చేసింది ఆయనే. చండూరు దిక్కు ఒక ఊర్లె మగ్గం నేస్తడు. గుంత మగ్గం. నేల మట్టానికి కూసొని, గుంతల కాళ్ళు ఏలాడేసి, కింద చెక్కలు తొక్కుకుంట నేయాలె. చిన్నప్పుడు ఆ గుంత పక్కన కూసొనే నేను అన్నం తిన్న, ఎక్కాలు సదివిన. ఆయన మొకం కన్నా ఆయన పాదాలనే ఎక్కువ చూసిన్నేమో. అత్త కాలం చేసినంక ఒక్కడే ఉంటుండు. షుగరొచ్చి ఏండ్లయింది.

ఎండాకాలంల కుడి బొటనేలు కింద పుండు పడ్డది. ఎన్నడు పడ్డదో ఆయనకే తెల్వది. మా ఇంటికి పిలిపిచ్చుకొని చైతన్యపురిల దవాఖానకు తిప్పినం. పట్టీలు మార్పిచ్చి, సూదులేపిచ్చి, మెల్లగ మానింది. ఆఖరి సారి పోయిన్నాడు డాక్టరు ఆయనతోని గాదు, నాతోని చెప్పిండు. "ఇంకోసారి పుండు పడితే కాలు దక్కుడు నా చేతుల ఉండదమ్మా. కుడి కాలు ఉత్తగ నేల మీద పెట్టొద్దు. ఇంట్ల గూడ పెట్టొద్దు."

"మగ్గంల గూడనా సారూ?" అన్నడు మామ.

"మగ్గంల గూడ."

మామ బయటికొచ్చి మెట్ల మీద కూసున్నడు. "చెప్పులేసుకొని మగ్గమెక్కాల్నా బిడ్డా! మా నాయన చూస్తే ఏమంటుండె," అని తల కొట్టుకున్నడు. నాకు మాత్రం ఒక్కటే భయం. కాలు పోతే మగ్గం లేదు, మగ్గం లేకుంటే మా మామ మనిషి గాడు. ఇంట్ల ఊకె కూసొని ఒకరు పెట్టింది తినే రకం గాదు.

ఆ దినమే ఆయన పాదాల కొలత తీసుకున్న. చెప్పులు చేసిచ్చి పంపుదామంటే దానికి కావాల్సిన రబ్బరు షీటు రాలే. అది గూడ సామానే గదా, లారీ నిండాలె. ఆయనేమో ఆగనన్నడు. మగ్గం మీద పెండ్లోళ్ళ చీర సగంల ఉంది. "ఇంట్ల మంచం మీదనే కూసుంట, చెప్పులొచ్చినంకనే మగ్గమెక్కుత," అని మాటిచ్చి పోయిండు.

రబ్బరు రాంగనే చేతుల ఉన్న పనంతా పక్కకు పెట్టి ఆయన చెప్పులు పట్టుకున్న. మగ్గం చెక్క తొక్కొచ్చేటట్టు ముందట జర పల్చగ చేసిన. పాత పుండు జాగల లోపల గుంత చెక్కిన, బరువు దాని మీద పడకుంట. పట్టీని కుట్టెయ్యకుంట అంటుకునే టేపు పెట్టి వదులుగ ఇడిచిన, వాపొస్తే సర్దుకోనీకి. ఇన్నేండ్లల్ల నేను చేసిన జతలల్ల గంత మంచిగ వచ్చింది ఇంకోటి లేదు, ఒట్టు.

అప్పుడు బడులు తెరిచే దినాలు. దుకాణంల తల్లులు, పిల్లలు, బూట్లు, లొల్లి. ఊపిరి తీసుకోనీకి సందులేదు, ఇగ పార్సిల్ ఆఫీసుకు నేను పోలేకపోయిన. మా ఇంటాయన ఎడమకాలిది డబ్బల పెట్టి ఎల్బీ నగర్ పోయి వేసొచ్చిండు. తెల్లారి కుడిది తీసుకపోయిండు. "వేసినవా?" అంటే "వేసిన" అన్నడు. అంతే మాట్లాడుకున్నం. దుకాణంల ఒకామె కొడుకు బూటు బిగువైందని నా పానం తీస్తుండె.

మామ ఫోన్ చేసిండు. "ఎడమది ముట్టింది బిడ్డా. దూది తీరుగుంది."

"కుడిది రేపొస్తది. అప్పటిదాక మగ్గమెక్కకు మామా."

"ఎక్కను తియ్యి."

రేపు పోయింది, ఎల్లుండి పోయింది, కుడిది రాలే. మామ చండూరు దాక పోయి అడిగొస్తనంటే నేను ఫోన్ల ఒర్లిన, కాలు కింద పెట్టొద్దని. ఇగ నాకు దుకాణంల కాలు నిలవలే. చేతుల ఉన్న బూటు ఆడనే పెట్టి, మెట్రో ఎక్కి ఎల్బీ నగర్ల దిగి, పార్సిల్ ఆఫీసుకు ఉరికిన.

పాతాయన లేడు. ఆయన జాగల ఒక కొత్త పిల్లగాడు, ఆంధ్ర దిక్కు మాట. కంప్యూటర్ల చూసి, మర్యాదగనే చెప్పిండు. "అది చెప్పుల సామాను కింద బుక్ అయిందండీ. లారీకి వెళ్తుంది."

"సామాను ఎట్లయితది? చెప్పు గదా!"

"లోపల ఒక్కటే ఉందండీ. జత ఉంటేనే చెప్పుల కింద రాస్తాం. ఒకటే ఉంటే తయారీకి వెళ్ళే సరుకు. పైగా సొల్యూషన్ వాసన కొడుతోంది, పట్టీ కూడా కుట్టకుండా ఉంది. మీ ఆయన్ని అడిగితే 'ఏదో ఒకటి రాసుకో' అన్నారండీ."

"పట్టీ అట్ల నేనే పెట్టిన. వాపొస్తే సర్దుకోనీకి! కాలుకు తొడిగి నడవొస్తదా లేదా, అది చూడాలె గాని జత ఏంది, గిత ఏంది?"

ఆ పిల్లగాడు నా దిక్కు నిజంగనే అర్థం గానట్టు చూసిండు. "ఒక్క చెప్పుతో ఎలా నడుస్తారండీ?"

ఎనుక లైన్ల నిలబడ్డోళ్ళు పక్కున నవ్విన్రు. అతని మాటల తప్పేముంది? ఎడమది పోయిన్నాడు పాతాయన ఉండె. మమ్మల్ని ఎరిగినోడు గాబట్టి డబ్బ తెరవకనే చెప్పులని రాసుకున్నడు. ఈ పిల్లగాడు తన పని తను సక్కగ చేసిండు. డబ్బ తెరిచిండు, చూసిండు, ఉన్నదున్నట్టు రాసిండు. వాన్ని ఏమని తిట్టాలె? ఆ కోపమంతా ఏడికి పోవాలె?

"గోదాంల ఉంటే చెప్పు, నేనే పోయి తెచ్చుకుంట," అన్న.

ఆటోనగర్ గోదాంకు ఆటోల పోయిన. ఆడ ఒక పెద్దమనిషి హమాలీ, నెత్తికి తువ్వాల కట్టుకొని కూసున్నడు. పార్సిల్ గురించి చెప్తే గుర్తుపట్టిండు. "నల్లగొండ బండి నిండలేదక్కా. ఇక్కడ జాగ లేదని అటు పోయే సరుకంత సూర్యాపేట బండిల వేసినం. ఆడికెళ్ళి మళ్ళ నల్లగొండకు మలుపుతరు."

"ఎన్నడు మలుపుతరు?"

"సామాను గదక్కా. ఆడ బండి నిండినప్పుడు."

"అన్నా, అది ఒక మనిషి కాలుది," అన్న. ఎందుకన్ననో తెల్వది. ఆయన తువ్వాల తీసి మొకం తుడుచుకొని, "అయ్యో" అన్నడు. ఇంకేం చేస్తడు పాపం.

దుకాణానికొచ్చి మా ఇంటాయన మీద పడ్డ. దుకాణంల గిరాకులున్నరని గూడ చూడలే. "ఏదో ఒకటి రాసుకొమ్మన్నవా? ఏదో ఒకటా? నీ గోదాం రివాజు అగ్గిల పడ! దొంగలు ఎత్కపోవద్దని ఇడివిడిగ పంపితివి గదా, ఎత్కపోలే! మంచిగనే ఉంది, సూర్యాపేటల! మా మామకు తప్ప లోకంల అందరికి దొరుకుతది!"

ఆయన మొకం తెల్లవడ్డది. మా మామ ఈయనను అల్లుడని గాదు, కొడుకని పిలుస్తడు. మా ఇంటాయన లేచి గోడకున్న మామ కుడికాలు అట్టను తీసి నా ముందట పెట్టిండు. "కొయ్యి, నేను కుడ్త" అన్నడు. గిరాకులకు దండం పెట్టి పంపి, షట్టరు సగం దించి, మిగిలిన రబ్బరు ముక్కల నుంచి ఇంకో కుడికాలిది కోసిన. గీత మీద కత్తి ఇంత జరగలే. కోపంల గూడ నా చెయ్యి తప్పది. సందెకాడికి తయారైంది.

తెల్లారి మునుగోడు మీదికెళ్ళి పోయే బస్సెక్కిన. సంచి పైన పెట్టుమన్నడు కండక్టరు. పెట్టనన్న. ఏముందమ్మా అండ్ల అంటే "చెప్పు" అన్న. ఆయన నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూసి టికెట్ కొట్టిండు. ఒళ్ళె పెట్టుకొని రెండు చేతులతోని పట్టుకొనే కూసున్న. చౌటుప్పల్ దాటినంక మామకు ఫోన్ చేస్తే ఎత్తలే. మళ్ళ చేసిన, ఎత్తలే. నిద్రపోయిండేమో అని నాకు నేనే చెప్పుకున్న. ఊరు దగ్గరవడ్డకొద్ది నాకు నేను చెప్పుకునుడు గూడ బందైంది.

వాకిట్ల అడుగు పెట్టకముందే మగ్గం సప్పుడు ఇనొచ్చింది.

"మామా!"

"ఎవరూ, నువ్వా బిడ్డా! చెప్పకుంట వచ్చినవేంది?" మొకమంతా నవ్వు. చీర దాదాపు అయిపోవస్తుంది. ఎర్ర అంచు, పచ్చ ఒడలు, ఎంత మంచిగుందో. నేను చీర దిక్కు చూడలే. గుంతలకు వంగి చూసిన. ఎడమకాలుకు నేను పంపిన చెప్పుంది. కుడికాలుకు పాత తువ్వాల ముక్క చుట్టుకొని ఉంది. తువ్వాల ఒక దిక్కు నల్లగైంది. కింద చెక్క మీద గూడ నల్లగ మరక.

"ఎక్కనంటివి గదా మామా! ఫోన్ల నాకేం చెప్పినవ్!" గొంతు చించుకున్న. ఏడుపొచ్చింది, కోపమొచ్చింది, ఏది ముందొచ్చిందో తెల్వలే.

"ఊకో బిడ్డా, ఊకో. పెండ్లి దగ్గరికొచ్చింది, వాళ్ళు వచ్చి కూసుంటున్నరు. ఎన్నొద్దులని మంచంల కూసోను? అయినా నీ మాట సగం ఇన్న గదా. ఇగో, వచ్చినకాలుకు తొడిగిన." ఎడమకాలు లేపి చూపిచ్చిండు. అది ఏ దెబ్బా లేని కాలు.

తర్వాత ఏమైందో దాచేదేం లేదు. కుడికాలు తీసేసిన్రు, మోకాలు కింది దాక. సూర్యాపేట పోయిన చెప్పు ఎన్నొద్దులకో చండూరు చేరిందని ఫోనొచ్చింది, ఎవ్వరం తెచ్చుకోలే. మా ఇంటాయన ఇప్పుడు రెండు చెప్పులను తాడుతోని గట్టిగ కట్టి ఒక్క డబ్బల పెడ్తడు, ఎవ్వరు చెప్పినా ఇడదియ్యడు. ఆ కొత్త పిల్లగాడు ఇంక ఆడనే ఉన్నడు. నన్ను చూస్తే "నమస్తే అండీ" అంటడు. నేను గూడ నమస్తే అంట. మామ మా ఇంట్లనే ఉన్నడు. దుకాణం ముందట కుర్చీల కూసుంటడు. మాట్లాడిస్తే మాట్లాడ్తడు, లేకుంటే లేదు. మనిషిని బతికిచ్చుకున్నం గదా అని అందరంటరు.

ఇయ్యన్ని నాకు ఎట్లనో మింగుడు పడ్డయ్. ఆ దినం ఆ ఇంట్ల జరిగిన ఇంకొక్కటే పడ్తలేదు.

మామను గుంతల నుంచి పైకి లేపి అరుగు మీద కూసోపెట్టిన. తువ్వాల ముక్క ఇప్పిన. వాసనకు మొకం తిప్పుకోబోయి, ఆయన చూస్తుండని ఆపుకున్న. పాదం అంతా ఉబ్బి, ఎర్రగ, వేడిగ ఉంది. బొటనేలు కింద ఏముందో నేను చెప్పలేను. ఆయన మాత్రం నా సంచి దిక్కే చూస్తుండు, పండుగ బట్టల కోసం చూసే పిల్లగాని లెక్క. "తెచ్చినవా? ఏదీ, ఏదీ," అని నా చేతుల నుంచి చెప్పు గుంజుకున్నడు. అటూ ఇటూ తిప్పి చూసిండు. ఏలుతోని లోపల నేను చెక్కిన గుంతను తడిమి, "గిది నా పుండు కోసమా? ఎంత తెలివే నీకు," అని నవ్విండు.

"ఇప్పుడొద్దు మామా. దవాఖానకు పోదాం పా. లే."

"ఉండవే, ఒక్కసారి తొడిగి చూస్త. గంత దూరం నుంచి మోసుకొచ్చినవ్."

కాలును అండ్ల పెట్టిండు. సగం దాక పోయి ఆగింది. పట్టీ ఎంత వదులు చేసినా పోలే. ఆ ఉబ్బిన పాదం ఆ కొలతల ఎట్ల పడ్తది?

నా మొకం చూసిండు. నేను బాధపడ్తున్ననని ఎరుకైంది. నేను కొలత తప్పిన్ననుకున్నడు, అందుకే ఏడుస్తున్ననుకున్నడు. నా నెత్తి మీద చెయ్యి పెట్టి, చిన్నప్పుడు ఎక్కం తప్పితే అన్నట్టే అన్నడు. "జర బిగువైనట్టుంది. ఏం గాదు బిడ్డా. కొత్తయి గదా, తొడుక్కుంట ఉంటే అవే వదులైతయ్."

అని, రెండు చేతులతోని మడిమ పట్టుకొని, ఆ కాలును చెప్పులకు గట్టిగ తోసిండు. నేను కేకేసి ఆయన చేతులు పట్టుకునే దాక తోస్కుంటనే ఉన్నడు, నా దిక్కు చూసుకుంట, నవ్వుకుంట.